దొంగ నొప్పులా, అసలు నొప్పులా? తొమ్మిదో నెలలో తేల్చుకోవడం ఎలా

తొమ్మిదో నెల పడిందంటే ఇంట్లో అందరి చూపూ మీ పొట్ట మీదే ఉంటుంది, కాస్త నడుం పట్టుకుని కూర్చున్నా సరే "ఏంటే, నొప్పులా?" అంటూ అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొస్తుంది, మీకేమో అవి నొప్పులో గ్యాసో బిడ్డ తిరగడమో అర్థం కాదు. మొదటి కాన్పు వాళ్ళకైతే మరీను. ఎవరిని అడిగినా "వచ్చినప్పుడు నీకే తెలుస్తుందిలే" అంటారు, ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే చాలామందికి మొదట్లో తెలియదు. తెలియకే కొందరు అర్ధరాత్రి హాస్పిటల్‌కి పరిగెత్తి తెల్లారి ఇంటికొచ్చేస్తారు, ఇంకొందరు దొంగ నొప్పులేలే అని పడుకుని ఆఖరి నిమిషంలో ఆటో కోసం వెతుక్కుంటారు.

ముందు ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. నొప్పి ఎంత ఉంది అనేదాన్ని బట్టి తేల్చకండి. దొంగ నొప్పులు కొందరికి బాగానే బాధపెడతాయి, అసలు నొప్పులేమో మొదట్లో పీరియడ్ నొప్పంత తేలిగ్గా మొదలవ్వచ్చు. చూడాల్సింది టైమ్ గడిచేకొద్దీ ఏం మారుతోంది అని. గంట కిందటి కంటే ఇప్పుడు దగ్గర దగ్గరగా వస్తున్నాయా, వచ్చినవి ఎక్కువసేపు ఉంటున్నాయా, గట్టిదనం పెరుగుతోందా. ఈ మూడూ పెరుగుతూ పోతుంటే అసలువే అనుకుని బయల్దేరే పనిలో ఉండండి. అలాగే ఉండిపోయినా, కాసేపటికి తగ్గిపోయినా దొంగవి.

లోపల ఏం జరుగుతుందంటే

గర్భసంచి కండరమే కాబట్టి అది మధ్యమధ్యలో బిగుసుకుంటుంది, వదులవుతుంది. మొదటి నెలల నుంచే ఇది జరుగుతూ ఉన్నా చాలామందికి ఏడో నెల దాటాకే తెలుస్తుంది, రెండో కాన్పు వాళ్ళకి ఇంకాస్త ముందే తెలుస్తుంది. 1872లో జాన్ బ్రాక్స్‌టన్ హిక్స్ అనే ఇంగ్లండ్ డాక్టర్ దీని గురించి రాశాడు, అందుకే హాస్పిటల్లో "బ్రాక్స్‌టన్ హిక్స్ అమ్మా, ఏం కాదు" అంటుంటారు. వీటిల్లో గర్భసంచి బిగుసుకుంటుంది కానీ దాని మూతి తెరుచుకోదు. అసలు నొప్పుల్లో మూతి ముందు మెత్తబడి, పల్చబడి, తర్వాత మెల్లగా తెరుచుకుంటూ 10 సెంటీమీటర్ల దాకా వెళ్తుంది. అందుకే పూర్తిగా తేల్చి చెప్పాలంటే లోపల చెక్ చేయాల్సిందే, ఇంట్లో మనం చేసేది అంచనా మాత్రమే. కానీ మంచి అంచనా వేయడానికి చాలా దారులున్నాయి.

చేత్తో పట్టి చూడటం

దీన్ని ఎవరూ సరిగ్గా నేర్పించరు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. వెల్లకిలా పడుకోకుండా కాస్త వాలి కూర్చుని, వేళ్ళ కొసలు పొట్ట పైభాగాన, బొడ్డుకి పైన పెట్టండి. అరచేతితో అదమొద్దు, వేళ్ళతో మెల్లగా నొక్కి చూడండి. మామూలప్పుడు వేలు లోపలికి దిగుతుంది. నొప్పి వచ్చినప్పుడు ఎలా ఉందో మీ ముఖం మీదే పోల్చుకోవచ్చు, ముక్కు కొసని నొక్కితే ఎలా ఉంటుందో అలా ఉంటే తేలికైన బిగువు, గడ్డం నొక్కినట్టు ఉంటే ఓ మోస్తరు, నుదురు నొక్కినట్టు వేలు అసలు దిగకపోతే గట్టి నొప్పి. లేబర్ రూమ్‌లో పనిచేసే సిస్టర్లకి నేర్పే పద్ధతి ఇది. దొంగ నొప్పులు ఎక్కువగా ముక్కు, గడ్డం దగ్గరే తిరుగుతుంటాయి.

ఇంకోటి, పొట్టంతా బిగుసుకుందా, ఒక పక్కనే గట్టిగా ఉందా చూడండి. ఒక పక్కన మాత్రమే గట్టిగా పొడుచుకొచ్చి, కాసేపటికి అది జరిగిపోతే అది బిడ్డ వీపో పిర్రో అయి ఉంటుంది. మంచం మీంచి లేచేటప్పుడు, తుమ్మినప్పుడు గజ్జల దగ్గర చురుక్కుమని లాగేది కూడా ఈ లెక్కలోకి రాదు, అది గర్భసంచిని పట్టుకుని ఉండే లిగమెంట్లు సాగడం వల్ల వచ్చేది.

నొప్పి ఎక్కడ మొదలవుతోంది అనేది కూడా ఉపయోగపడుతుంది, కానీ దాన్నే నమ్ముకోవద్దు. దొంగ నొప్పులు ఎక్కువగా ముందువైపు, పొత్తికడుపులోనో పొట్ట మీదో తెలుస్తాయి. అసలువి చాలామందికి వెనక నడుములో మొదలై చుట్టూ తిరిగి ముందుకొస్తాయి, తొడల్లోకి కూడా దిగుతాయి. కొందరికి ముందువైపే మొత్తం నొప్పి ఉంటుంది, కొందరికి నడుములోనే ఉంటుంది, పొట్టలో ఏమీ తెలియదు. నడుం నొప్పి వచ్చి పోతూ, వచ్చి పోతూ ఉంటే అది కూడా నొప్పి కిందే లెక్క వేసి టైమ్ రాయండి.

నీళ్ళు, బాత్‌రూమ్, ఎడమ పక్క

నొప్పులు మొదలైనట్టు అనిపించగానే కంగారుగా బ్యాగు సర్దేసే ముందు ఈ మూడు పనులు చేయండి. (ఇది 37 వారాలు నిండినవాళ్ళకి, ఏ ప్రమాద సూచనా లేనివాళ్ళకి మాత్రమే, మిగతావాళ్ళ సంగతి కింద చెప్తాను.) రెండు గ్లాసుల నీళ్ళు తాగండి, మజ్జిగైనా కొబ్బరినీళ్ళైనా సరే. ఒంట్లో నీరు తగ్గితే గర్భసంచి ఊరికే బిగుసుకుంటుంది, మన ఏప్రిల్ మే ఎండల్లో దొంగ నొప్పులతో కంగారు పడేవాళ్ళలో చాలామంది సరిగ్గా నీళ్ళు తాగనివాళ్ళే ఉంటారు, "మాటిమాటికీ యూరిన్‌కి వెళ్ళాల్సొస్తోందని" తాగడం మానేస్తారు పాపం. తర్వాత బాత్‌రూమ్‌కి వెళ్ళి రండి, యూరిన్ నిండుగా ఉన్నా బిగువులు వస్తాయి. తర్వాత అప్పటిదాకా ఏం చేస్తున్నారో దానికి రివర్స్ చేయండి, నిలబడి పని చేస్తుంటే ఎడమ వైపు తిరిగి పడుకోండి, పడుకుని ఉంటే లేచి హాల్లో అటూ ఇటూ నడవండి. గోరువెచ్చని నీళ్ళతో స్నానం కూడా మంచిదే, మరీ వేడి నీళ్ళు వద్దు.

ఓ గంట ఇలా చూడండి. దొంగవైతే సద్దుమణుగుతాయి. అసలువైతే మీరు పడుకున్నా నడిచినా వాటి పాటికి అవి వస్తూనే ఉంటాయి, చాలామందికి నడిస్తే ఇంకా పెరుగుతాయి. రోజంతా నిలబడి పని చేసినా, ఫంక్షన్‌కి వెళ్ళి తిరిగినా, భార్యాభర్తలు కలిసినా, బిడ్డ బాగా కదిలినా కాసేపు బిగువులు రావడం మామూలే.

యూరిన్ పోసేటప్పుడు మంట, చలి జ్వరం ఉంటే మాత్రం నీళ్ళు తాగి ఊరుకోకండి. యూరిన్ ఇన్‌ఫెక్షన్ వల్ల నొప్పులు రావచ్చు, నెలలు నిండకముందే కాన్పు కూడా రావచ్చు, దానికి మందులు వాడాల్సిందే.

టైమ్ రాయడం

ఒక నొప్పి మొదలైన నిమిషం నుంచి తర్వాతి నొప్పి మొదలైన నిమిషం దాకా లెక్క వేయాలి. చాలామంది ఒకటి అయిపోయిన దగ్గర నుంచి ఇంకోటి మొదలయ్యేదాకా లెక్కేస్తారు, అప్పుడు డాక్టర్‌కి చెప్పే లెక్క తప్పిపోతుంది. ఎంతసేపు ఉంది అనేది సెకన్లలో వేరేగా రాయండి. యాప్‌లు బోలెడున్నాయి కానీ కాగితం పెన్ను చాలు, రాసేది మాత్రం మీరు వద్దు, మీ ఆయనకో అమ్మకో ఇవ్వండి, మీరు "వచ్చింది", "పోయింది" అని చెప్తే చాలు. పనికి పని, ఆయన కంగారు కూడా తగ్గుతుంది.

ఉదాహరణకి ఒక కాగితం మీద 10:05, 10:22, 10:29, 10:55, 11:04, 11:40 అని ఉందనుకోండి, ఒకటి ఇరవై సెకన్లు, ఇంకోటి నిమిషం, మళ్ళీ ఇరవై ఐదు. దీనికి ఒక వరసంటూ లేదు, పడుకోండి. ఇంకో కాగితం మీద 2:10, 2:20, 2:29, 2:38, 2:46, 2:53, 3:00, 3:06 అని ఉంది, మొదటివి ముప్పై ఐదు సెకన్లు, చివరివి యాభై ఐదు. సెకన్ల లెక్క లేకపోయినా ఎడం తగ్గుతూ రావడం కళ్ళకి కనిపిస్తోంది, ఇది అసలు నొప్పే, ఇంట్లోవాళ్ళని లేపండి.

రాసేటప్పుడు ఇంకో విషయం గమనించండి. నొప్పి వచ్చినప్పుడు మీరు మాట్లాడగలుగుతున్నారా? దొంగ నొప్పుల్లో ఫోన్ మాట్లాడుతూ, సీరియల్ చూస్తూ ఉండగలరు. అసలువి గట్టిపడ్డాక మాట మధ్యలో ఆగిపోతుంది, గోడ పట్టుకుని నిలబడి ఊపిరి తీసుకుంటారు, నొప్పి పోయాక మళ్ళీ మామూలుగా మాట్లాడతారు. పక్కనున్నవాళ్ళకి ఇదే పెద్ద గుర్తు.

రాత్రంతా వచ్చి పొద్దున్నే మాయమయ్యేవి

వీటి గురించి చెప్పకపోతే అన్యాయమే. కొందరికి రాత్రి పదింటికి మొదలై ఎనిమిది పది నిమిషాలకోసారి చక్కగా టైమ్ ప్రకారం వస్తాయి, మూడు నాలుగు గంటలు అలాగే ఉండి తెల్లారేసరికి ఆగిపోతాయి. మర్నాడు రాత్రి మళ్ళీ వస్తాయి. టైమ్ ప్రకారం వస్తాయి కాబట్టి అసలువే అనిపిస్తాయి, కానీ ఎడం తగ్గదు, గట్టిదనం పెరగదు. ఇలా కొన్ని రోజులు జరగొచ్చు, నిద్ర లేక మనిషి నీరసపడిపోతుంది, చుట్టాలేమో "ఇంకా కాలేదా" అని ఫోన్లు. ఇవి ఉత్తినే పోయే నొప్పులు కావు, చాలాసార్లు మూతి మెత్తబడటం మొదలై ఉంటుంది. పగలు దొరికినంత నిద్రపోండి, ఇడ్లీయో పెరుగన్నమో తేలికగా తింటూ ఉండండి, ఒకసారి డాక్టర్‌కి చూపించుకుని బిడ్డ గుండె చప్పుడు బాగుందని తెలుసుకుంటే మనసు కుదుటపడుతుంది. చుట్టాల ఫోన్లు మాత్రం మీ ఆయనకి అప్పజెప్పండి.

కషాయాలు, ఆముదం, ఇంజెక్షన్లు

మన ఇళ్ళల్లో నొప్పి అనగానే జీలకర్ర కషాయం పెట్టిస్తారు, దొంగవైతే తగ్గుతాయి అసలువైతే పెరుగుతాయి అంటారు. పరీక్ష కింద దాన్ని నేను నమ్మను, కానీ వేడిగా ఓ గ్లాసు నీళ్ళు ఒంట్లోకి వెళ్తాయి కదా, అత్తగారు ప్రేమగా ఇస్తే తాగేయండి. ఆముదం మాత్రం వద్దు. విరేచనాలు పట్టుకుంటాయి, నీరసం వస్తుంది, నొప్పులు ఒక్కసారిగా గట్టిగా వచ్చి బిడ్డకి ఇబ్బంది కావచ్చు. ఎవరు ఎంత చెప్పినా తాగకండి, "డాక్టర్ వద్దన్నారు అత్తయ్యా" అని నెపం డాక్టర్ మీదకి నెట్టేయండి.

దీనికంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. ఊళ్ళో ఆర్‌ఎంపీని ఇంటికి పిలిపించి "నొప్పులు పెరగడానికి" ఇంజెక్షన్ చేయించడం. అది ఆక్సిటోసిన్, హాస్పిటల్లో అయితే సెలైన్‌లో కలిపి చుక్కలు లెక్కపెడుతూ, బిడ్డ గుండె చూస్తూ ఇస్తారు. ఇంట్లో కండకి పొడిచేస్తే ఎంత గట్టిగా పనిచేస్తుందో ఎవరి చేతిలో ఉండదు, గర్భసంచి చిట్లిపోవచ్చు, బిడ్డకి ఆక్సిజన్ అందకపోవచ్చు. దొంగ నొప్పుల్ని ఇంజెక్షన్‌తో అసలు నొప్పులుగా మార్చుకోవాల్సిన పనే లేదు, నొప్పులు ఆగిపోతే ఆగిపోనివ్వండి.

ఎప్పుడు బయల్దేరాలి

మొదటి కాన్పు, 37 వారాలు దాటాయి, వేరే ఇబ్బందులేమీ లేవు, హాస్పిటల్ అరగంట దూరంలో ఉంది అంటే చాలామంది డాక్టర్లు చెప్పేది 5-1-1 లెక్క. ఐదు నిమిషాలకోసారి, ఒక్కోటి ఒక నిమిషం, ఇలా ఒక గంట పాటు. అమెరికాలో ఉన్న మన అమ్మాయిలకి కూడా చాలా చోట్ల ఇదే చెప్తారు, అక్కడ ముందు హాస్పిటల్‌కి ఫోన్ చేస్తే నర్సు లెక్క అడిగి రమ్మంటుంది లేదా ఇంకాసేపు ఇంట్లోనే ఉండమంటుంది, ఇక్కడ ఇండియాలో ఉన్న అమ్మకి వీడియో కాల్ చేసే ముందు ఆ ఫోన్ చేయండి.

రెండో కాన్పు, మూడో కాన్పు వాళ్ళు గంట ఆగొద్దు. వాళ్ళకి మూతి త్వరగా తెరుచుకుంటుంది, ఏడెనిమిది నిమిషాలకోసారి వరసగా వస్తున్నాయంటే బయల్దేరడమే. దూరం ఉన్నవాళ్ళ లెక్క కూడా వేరు. టౌన్‌కి గంటన్నర ప్రయాణం, మధ్యలో వాగు, రాత్రిపూట బండి దొరకదు అంటే ఐదు నిమిషాల దాకా ఆగడం తెలివితక్కువ పని. పాడేరు, పార్వతీపురం వైపు కొండ ఊళ్ళలో రోడ్డు లేక నిండు గర్భిణుల్ని డోలీలో మోసుకురావడం ఇప్పటికీ వార్తల్లో చూస్తున్నాం. అలాంటి ఊళ్ళవాళ్ళు దొంగవా అసలువా అని ఇంట్లో కూర్చుని తేల్చుకోవడం కాకుండా, డేట్‌కి ముందే కిందికి దిగి గర్భిణుల వసతి గృహంలోనో చుట్టాలింట్లోనో ఉండటం మేలు, ఆశా వర్కర్‌ని అడిగితే ఏర్పాటు చెప్తుంది.

మరీ తొందరపడి వెళ్ళినా ఇబ్బందే అని కూడా చెప్పాలి. మొదటి కాన్పులో మూతి 5 సెంటీమీటర్ల దాకా రావడానికి చాలా గంటలు పడుతుంది, ఒక్కోసారి రోజు దాటుతుంది, ఆ తర్వాతే వేగం అందుకుంటుంది. ఒక సెంటీమీటర్ దగ్గరే అడ్మిట్ అయిపోతే బెడ్ మీద పడుకోబెట్టి, సెలైన్ పెట్టి, "ఇంకా ప్రోగ్రెస్ లేదు" అనే మాట మొదలవుతుంది, ఇంట్లోవాళ్ళు భయపడతారు, చివరికి ఆపరేషన్ అంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రాలో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే, దేశం మొత్తం మీద 21.5. అన్నిటికీ కారణం తొందరగా అడ్మిట్ అవ్వడమే అని నేను అనను, అవసరమైన ఆపరేషన్ ప్రాణాలు కాపాడుతుంది. కానీ అంతా బాగున్నప్పుడు మొదటి గంటలు ఇంట్లోనే నడుస్తూ, నీళ్ళు తాగుతూ, నడుం రుద్దించుకుంటూ గడపడం మీకే మంచిది.

లెక్కలు పక్కన పెట్టి వెంటనే వెళ్ళాల్సినవి

ఉమ్మనీరు పోతే నొప్పులున్నా లేకపోయినా వెళ్ళాలి. ఒక్కసారిగా బకెట్ పోసినట్టే పోవాలని లేదు, చాలామందికి కొంచెం కొంచెంగా కారుతూ ఉంటుంది, యూరిన్ లీకయిందేమో అనుకుంటారు. బాత్‌రూమ్‌కి వెళ్ళొచ్చి పొడి ప్యాడ్ పెట్టుకుని ఓ అరగంట చూడండి, పడుకుని లేచినప్పుడు మళ్ళీ తడిస్తే, యూరిన్ వాసన లేకపోతే అది ఉమ్మనీరే అనుకోండి. ఎన్నింటికి పోయింది, ఏ రంగులో ఉంది గుర్తుపెట్టుకుని ఆ ప్యాడ్ కూడా తీసుకెళ్ళండి. ఆకుపచ్చగానో గోధుమరంగులోనో ఉంటే బిడ్డ లోపలే మలవిసర్జన చేసిందని అర్థం, అరగంట కూడా చూడొద్దు. నీరు పోయాక కింద బొడ్డుతాడు లాంటిది చేతికి తగిలితే మోకాళ్ళ మీద వంగి, తల కింద ఆనించి, నడుం పైకెత్తి ఉంచి 108కి ఫోన్ చేయించండి.

ఎర్రగా పీరియడ్‌లా బ్లీడింగ్ అయితే వెంటనే వెళ్ళాలి. కొంచెం జిగురుగా, గులాబీరంగులో, రక్తం చారలతో పోవడం వేరు, అది మూతికి అడ్డంగా ఉన్న జిగురు, అది పోయిన కొన్ని గంటలకీ నొప్పులు రావచ్చు, కొన్ని రోజులకీ రావచ్చు, దానికొక్కదానికే పరిగెత్తక్కర్లేదు. పొట్ట రాయిలా బిగుసుకుని మధ్యలో అసలు వదలకపోతే అది ఎమర్జెన్సీ, నొప్పి అన్నాక మధ్యలో వదలాలి. తీవ్రమైన తలనొప్పి, కళ్ళు మసకబారడం, పైకడుపులో నొప్పి, ముఖం వాపు ఉంటే బీపీ పెరిగి ఉండొచ్చు.

బిడ్డ కదలికలు తగ్గితే కూడా అంతే. "నెలలు నిండాయి కదా, చోటు లేక కదలట్లేదు" అని పెద్దవాళ్ళు అంటారు, అది తప్పు, కదిలే తీరు మారొచ్చు కానీ కదలడం తగ్గకూడదు, నొప్పుల్లో కూడా కదులుతూనే ఉండాలి. ఏదైనా తిని ఎడమ పక్కకి పడుకుని లెక్కపెట్టండి, రెండు గంటల్లో పది కదలికలు తెలియకపోతే రాత్రయినా సరే వెళ్ళండి.

ముందు సిజేరియన్ అయినవాళ్ళు, కవలలు ఉన్నవాళ్ళు, బిడ్డ అడ్డంగానో ఎదురుకాళ్ళతోనో ఉందన్నవాళ్ళు, మాయ కిందికి ఉందన్నవాళ్ళు ఈ గంటల లెక్కలన్నీ మర్చిపోండి. నొప్పి మొదలైందని అనుమానం రాగానే వెళ్ళిపోవడమే, పాత కుట్ల దగ్గర నొప్పిగా ఉంటే మరీ ముఖ్యంగా.

37 వారాలు నిండనివాళ్ళు కూడా ఇంట్లో కూర్చుని తేల్చుకోవద్దు. పది నిమిషాలకోసారి బిగువు వస్తున్నా, నడుములో వచ్చి పోయే నొప్పి ఉన్నా, కింద బరువుగా నొక్కుతున్నట్టున్నా, నీరులా డిశ్చార్జ్ అవుతున్నా అప్పటికప్పుడు వెళ్ళండి. ముందే వెళ్తే నొప్పులు కాసేపు ఆపి, 34 వారాల లోపైతే బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి, పసిపిల్లల ఐసీయూ ఉన్న హాస్పిటల్‌కి పంపే టైమ్ దొరుకుతుంది. తీరా అవి దొంగ నొప్పులే అని తేలితే సంతోషమే కదా.

హాస్పిటల్‌కి వెళ్ళాక

బండి లేకపోతే 108 ఉచితమే. ఫైలు, ఎంసీపీ కార్డు (గర్భిణులకిచ్చే తల్లీబిడ్డల కార్డు), ఆధార్, ఆఖరి స్కానింగ్ రిపోర్ట్ ఒకే కవర్లో పెట్టి ఎనిమిదో నెలలోనే తలుపు దగ్గర తగిలించేయండి. టైమ్ రాసిన కాగితం మర్చిపోవద్దు, డ్యూటీ డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న అదే. పొట్టకి బెల్టులు కట్టి బిడ్డ గుండె, నొప్పులు ఇరవై నిమిషాలు చూస్తారు, తర్వాత లోపల చెక్ చేస్తారు, ఒకసారి చూసి తేలకపోతే కొన్ని గంటలు నడవమని మళ్ళీ చూస్తారు. అప్పటికీ మూతి మారకపోతే, బిడ్డ బాగుంటే ఇంటికి పంపిస్తారు, ఎదురింటివాళ్ళు ఏమనుకుంటారో అని ఎవరూ సిగ్గుపడక్కర్లేదు, లేబర్ రూమ్ వాళ్ళకి ఇది రోజూ ఉండేదే. వచ్చేముందు మాత్రం రెండు అడిగి రండి, ఇప్పుడు ఎన్ని సెంటీమీటర్లు ఉంది, మళ్ళీ ఎలా ఉంటే రావాలి. రెండూ ఫైల్ మీద రాయించుకుంటే, తర్వాతిసారి వేరే డాక్టర్ డ్యూటీలో ఉన్నా ఎక్కడి నుంచి ఎక్కడిదాకా వచ్చిందో వెంటనే తెలుస్తుంది.